యూఎక్స్ డిజైన్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా? ఫీజు కట్టేముందు తెలుసుకోవాల్సిన విషయాలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు డిగ్రీ పూర్తయిన పిల్లలున్న ఇళ్లలో ఏ కోర్సు చేయించాలన్న మాట వస్తే ఇప్పుడు జావా, పైథాన్, ట్యాలీ పక్కన ఇంకో పేరు కూడా చేరుతోంది. అదే యూఎక్స్ డిజైన్. కోడింగ్ అక్కర్లేదు, ఇంజనీరింగ్ చదవకపోయినా పర్వాలేదు, మూడు నెలల్లో నేర్చుకుని హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరిపోవచ్చు అని ఫోన్లలో ప్రకటనలు వస్తుంటాయి. ఫీజు మాత్రం వేలల్లో, ఒక్కోచోట లక్ష దాకా చెబుతారు.

పిల్లలకు ఆశ. అమ్మానాన్నలకు అనుమానం. అసలు ఇది ఏం పని? ఏఐ వచ్చేసింది కదా, నాలుగేళ్ల తర్వాత ఈ పని ఉంటుందా?

సూటిగా చెప్పాలంటే పని ఉంటుంది. కానీ ప్రకటనల్లో చూపించే పని కాదు. ఫోన్ స్క్రీన్ మీద బటన్లు, రంగులు, బొమ్మలు అమర్చే భాగం మెల్లగా ఏఐ చేతికి పోతోంది. మనుషులు ఎక్కడ తడబడుతున్నారో కనిపెట్టి, ఎందుకు తడబడుతున్నారో తెలుసుకుని, దాన్ని సరిచేసే భాగం మనుషుల దగ్గరే ఉంది. చాలా కోర్సులు మొదటిది నేర్పి డబ్బు తీసుకుంటాయి. ఉద్యోగం నిలబడేది రెండోదాని మీద. ఈ తేడా తెలిస్తే సగం నష్టం తప్పించుకోవచ్చు.

అసలు యూఎక్స్ అంటే ఏమిటి?

యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్. వాడేవాడికి ఆ వస్తువుతో, ఆ యాప్‌తో, ఆ సేవతో మొదటినుంచి చివరిదాకా ఎలా గడిచింది అన్నది. అమెరికాలో డాన్ నార్మన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1993లో యాపిల్ కంపెనీలో చేరినప్పుడు తన హోదాకు యూజర్ ఎక్స్‌పీరియన్స్ ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకున్నారు. అక్కడినుంచి ఈ మాట ప్రపంచమంతా పాకింది. ఆయన చదివింది బొమ్మలు వేయడం కాదు, మనిషి మనసు పనిచేసే తీరు. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

తేలికైన ఉదాహరణ ఏటీఎం. డబ్బు తీయడానికి వెళ్లినవాడి మనసంతా డబ్బు మీదే ఉంటుంది. నోట్లు చేతికి రాగానే పని అయిపోయింది అనుకుని వెళ్లిపోతాడు, కార్డు మిషన్‌లోనే ఉండిపోతుంది. అందుకే చాలా ఏటీఎంలలో ముందు కార్డు బయటికి వస్తుంది, అది తీసుకుంటేనే డబ్బు వస్తుంది. ఇక్కడ ఎవరూ కొత్త రంగు వేయలేదు, కొత్త బొమ్మ గీయలేదు. వరుస మార్చారు, అంతే. వేలమంది కార్డులు పోకుండా ఆగాయి. యూఎక్స్ అంటే ఇదే.

ఇంకొకటి రోజూ బజారులో వినిపించేదే. పండ్ల బండి దగ్గర, టీ కొట్టు దగ్గర పెట్టుకునే సౌండ్‌బాక్స్. అందులో ఎంత డబ్బు వచ్చిందో తెలుగులోనే వినిపిస్తుంది. యూపీఐ వచ్చిన కొత్తలో కొట్టువాళ్లకు ఒక ఇబ్బంది ఉండేది. చేతులు తడిగా ఉంటాయి, గిరాకీ ఎక్కువగా ఉంటుంది, ప్రతిసారీ ఫోన్ తీసి మెసేజ్ చూసే తీరిక ఉండదు. కొందరు పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లు. దీనికి ఎంత అందమైన స్క్రీన్ గీసినా లాభం లేదు, ఎందుకంటే కొట్టువాడు స్క్రీన్ చూడడు. అతనికి కావాల్సింది చెవికి వినపడే మాట. కొట్టు దగ్గర కాసేపు నిలబడి చూసినవాడికే ఆ సంగతి తెలుస్తుంది, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి తెలియదు.

యూఐ అనే మాట కూడా దీంతోపాటే వినిపిస్తుంటుంది. యూఐ అంటే యూజర్ ఇంటర్‌ఫేస్, అంటే స్క్రీన్ మీద కంటికి కనిపించేది. యూఎక్స్‌లో అదొక భాగం మాత్రమే. ఇంటికి సున్నం, రంగులు ఎలాగో యాప్‌కు యూఐ అలాగ. గదులు ఎక్కడుండాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి, ముసలివాళ్లు బాత్రూంకి ఎలా వెళ్తారు అన్నది యూఎక్స్.

పని ఎలా సాగుతుంది?

మామూలుగా ఈ పనిలో నాలుగు దశలుంటాయి. మొదటిది తెలుసుకోవడం: వాడేవాళ్లు ఎవరు, ఎక్కడ ఉంటారు, వాళ్ల ఫోన్ ఎలాంటిది, చదువు ఎంత, భయం దేనికి. రెండోది ఆలోచించడం: ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు రావాలి, ఏది తీసేయొచ్చు. మూడోది నమూనా తయారుచేయడం: ఫిగ్మా లాంటి సాఫ్ట్‌వేర్‌లో నొక్కితే కదిలే స్క్రీన్లు చేస్తారు. నాలుగోది పరీక్షించడం: నమూనాను నిజమైన మనుషుల చేతికిచ్చి, సాయం చేయకుండా పక్కన కూర్చుని చూస్తారు. ఎక్కడ ఆగారో రాసుకుని మళ్లీ మారుస్తారు.

హజ్ యాత్రికుల కోసం కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 2024 మార్చిలో హజ్ సువిధ అనే యాప్ తెచ్చింది. అలాంటి యాప్ చేసేవాళ్లు ఏం ఆలోచించాలో చూడండి. వాడేవాళ్లలో చాలామంది అరవై దాటినవాళ్లు. కొందరికి చదవడం రాదు. మినాలో ఎండకు స్క్రీన్ సరిగ్గా కనిపించదు. జనంలో తప్పిపోయిన మనిషి చేతులు వణుకుతుంటాయి. నెట్ ఉంటుందో లేదో తెలియదు. ఆ సమయంలో అతనికి పది బటన్లు కావాలా, ఒక్క పెద్ద బటన్ కావాలా? ఈ ప్రశ్న వేసుకోవడమే యూఎక్స్ డిజైనర్ పని. దానికి జవాబు ఫిగ్మాలో దొరకదు. హజ్‌కి వెళ్లొచ్చిన నానాతోనో దాదీతోనో గంట కూర్చుంటే దొరుకుతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన మన మిత్ర కూడా ఇలాంటి ఆలోచనే. కొత్త యాప్ ఎక్కించుకోమని చెప్పకుండా, జనానికి ముందే అలవాటైన వాట్సాప్‌లోనే 95523 00009 నంబరు మీద సేవలు పెట్టారు. మొదలైనప్పుడు 161 సేవలు ఉన్నాయి. కొత్త పాస్‌వర్డ్ లేదు, కొత్త ఐకాన్ వెతుక్కోవాల్సిన పని లేదు. జనం ఉన్న చోటికే సేవను తీసుకెళ్లడం ఒక డిజైన్ నిర్ణయం. అయితే లోపల ఏ సేవ ఏ జాబితాలో ఉంది, అక్కడ రాసిన మాట అర్థమవుతోందా, పొరపాటున తప్పు నొక్కితే వెనక్కి వెళ్లడం తెలుస్తోందా అన్నది మళ్లీ వేరే పరీక్ష.

డిజైన్ సరిగా లేకపోతే ఎవరు నష్టపోతారు?

ఇది అలంకారం పని అనుకునేవాళ్లకు 2025లో జరిగిన రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది వక్ఫ్ ఆస్తుల నమోదు. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ తెరిచింది. ఆరు నెలల్లో ప్రతి వక్ఫ్ ఆస్తి వివరాలు అందులో ఎక్కించాలన్నారు. మూడు మెట్లు: ముతవల్లి వివరాలు ఎక్కించాలి, వక్ఫ్ బోర్డు పరిశీలించాలి, ఆ పైన అధికారి ఆమోదించాలి. డిసెంబర్ 6న గడువు ముగిసేసరికి 5.17 లక్షల ఆస్తుల నమోదు మొదలైందని, అందులో 2.16 లక్షలకు పైగా ఆమోదం పొందాయని ప్రభుత్వం చెప్పింది. ఈ తేడాకు కారణాలు చాలా ఉన్నాయి. పాత కాగితాలు దొరకకపోవడం, సర్వే నంబర్లు కలవకపోవడం, పరిశీలనకు సమయం పట్టడం. కానీ చిన్న ఊళ్లో మస్జిద్ బాధ్యత చూసే పెద్దాయన అలాంటి పోర్టల్ ముందు కూర్చున్నప్పుడు ఏమవుతుందో ఊహించండి. అడిగేది ఏమిటో అర్థం కాదు. సగం నింపాక సేవ్ అయిందో లేదో తెలియదు. చివరికి కంప్యూటర్ తెలిసిన కుర్రాడి కోసం వెతకాలి. తాతల కాలంనాటి ఆస్తి కాగితం మీద ఉండటం, పోవటం ఒక ఫారం అర్థమవడం మీద కూడా ఆధారపడి ఉందంటే, ఆ ఫారం తయారుచేసేవాడి పని చిన్నది కాదు.

రెండోది సుప్రీంకోర్టు తీర్పు. బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు ఆన్‌లైన్ కేవైసీ చేసేటప్పుడు కెమెరా ముందు కళ్లు ఆర్పమంటారు. యాసిడ్ దాడిలో ముఖం కాలినవాళ్లు, చూపులేనివాళ్లు అది చేయలేరు. వాళ్లు కోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పి, కేవైసీ పద్ధతులను అందరూ వాడగలిగేలా మార్చాలని 20 ఆదేశాలు ఇచ్చింది. కళ్లు ఆర్పడం అందరికీ వచ్చు అని ఎవరో ఒక డిజైన్ బృందం అనుకుంది. ఆ ఒక్క అంచనా కొంతమందికి బ్యాంకు తలుపు మూసేసింది.

అందరూ వాడగలిగేలా చేయడాన్ని యాక్సెసిబిలిటీ అంటారు. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి దీనికి సంబంధించిన చట్టం అమల్లోకి వచ్చింది. అక్కడ వస్తువులు, సేవలు అమ్మే భారతీయ కంపెనీలు కూడా దాన్ని పాటించాలి. అందుకే యాక్సెసిబిలిటీ తెలిసినవాళ్ల అవసరం పెరిగే దిశలోనే ఉంది.

ఏఐ వచ్చాక ఏం మారింది?

ఇక్కడ దాచాల్సిందేమీ లేదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. అదే సమయంలో పెద్ద టెక్ కంపెనీలు ఉద్యోగాలు తీసేయడం మొదలుపెట్టాయి. వాళ్లలో డిజైనర్లు, రీసెర్చర్లు కూడా ఉన్నారు. కరోనా రోజుల్లో ఎడాపెడా ఉద్యోగాలు ఇచ్చిన కంపెనీలు తర్వాత చేతులు బిగించాయి. మూడు నెలల కోర్సు చేసినవాళ్లు ఎక్కువయ్యారు, కొత్తవాళ్లకు ఇచ్చే ఉద్యోగాలు తగ్గాయి. ఈరోజు ఈ రంగంలో కష్టమంతా మొదటి ఉద్యోగం దగ్గరే ఉంది.

2025 మేలో ఫిగ్మా కంపెనీ ఫిగ్మా మేక్ అనే సాధనాన్ని ప్రకటించింది. ఏం కావాలో మామూలు మాటల్లో రాస్తే నొక్కితే పనిచేసే నమూనా తయారైపోతుంది. మూడు నెలల కోర్సులో విద్యార్థి నేర్చుకునే స్క్రీన్ల పని చాలావరకు నిమిషాల్లో అయిపోతోంది.

మరి మనిషి ఎందుకు? దీనికి జవాబు కూడా ఫిగ్మా అనుభవంలోనే ఉంది. 2024లో ఆ కంపెనీ ఇలాంటి ఏఐ సదుపాయమే ఒకటి తెచ్చింది. వాతావరణం యాప్ చేయమని అడిగితే అది యాపిల్ వారి వాతావరణం యాప్‌ను పోలినదే చేసి ఇస్తోందని బయటపడింది. కంపెనీ దాన్ని తాత్కాలికంగా ఆపేయాల్సి వచ్చింది. ఏఐ ఇంతకుముందు చేసినవాటి సగటును ఇస్తుంది. కంభం చెరువు కింద రైతుకు, నల్లమల అంచున ఉన్న ఊళ్లో ఆశా కార్యకర్తకు, గిద్దలూరులో బట్టల కొట్టు యజమానికి ఏం కావాలో దానికి ఎవరూ చెప్పలేదు. వాళ్ల దగ్గరికి వెళ్లి తెలుసుకున్నవాడు చెబితేనే అది సరైనది చేయగలదు.

ఈ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2023లో ఏఐ గురించి ఒక ముఖ్యమైన మాట రాశారు. ఇప్పటిదాకా మనం కంప్యూటర్‌కు ఒక్కో ఆదేశం ఇస్తూ పని చేయించుకున్నాం, ఇకమీదట ఏ ఫలితం కావాలో చెబితే చాలు, ఎలా చేయాలో అది చూసుకుంటుంది అన్నది ఆయన అభిప్రాయం. అరవై ఏళ్లలో ఇంత పెద్ద మార్పు రాలేదని ఆయన అన్నారు. దీని అర్థం స్క్రీన్లు తగ్గి మాటలు పెరుగుతాయని. అప్పుడు డిజైనర్ ముందు కొత్త ప్రశ్నలుంటాయి. యంత్రం తప్పు చెబితే వాడేవాడికి ఎలా తెలుస్తుంది? డబ్బు పంపేముందు ఎక్కడ ఆపి అడగాలి? అది మాట్లాడే తెలుగు మార్కాపురం పెద్దావిడకు అర్థమవుతోందా?

పలకల ఊరు చెప్పే పాఠం

ఈ మార్పు అర్థం చేసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. మార్కాపురం పేరు చెబితే ఒకప్పుడు దేశమంతా గుర్తొచ్చేది రాత పలక. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. రాత పలక చేయడమే తన వృత్తి అనుకున్నవాళ్లు దెబ్బతిన్నారు. ఆ రాయిని గోడలకు, నేలకు వాడే డిజైన్ పలకలుగా మలిచినవాళ్లకు కొత్త గిరాకీ, విదేశీ ఎగుమతులు దొరికాయి. రాయి అదే, గనులు అవే. రాయి స్వభావం తెలిసిన చెయ్యి నిలబడింది, ఒకే వస్తువును నమ్ముకున్న చెయ్యి ఖాళీ అయ్యింది.

యూఎక్స్‌లో ఫిగ్మా రాత పలక లాంటిది. అంతకుముందు ఫొటోషాప్ ఉండేది, తర్వాత స్కెచ్ వచ్చింది, ఆ తర్వాత ఫిగ్మా. రేపు ఇంకొకటి. సాధనం నేర్చుకోవాలి, నేర్చుకోకపోతే లోపలికే రానివ్వరు. కానీ దాన్నే వృత్తి అనుకోకూడదు. వృత్తి అంటే మనుషుల స్వభావం తెలియడం.

రెండు భాషలు తెలియడం ఎందుకు బలం?

ఈ ప్రాంతపు ముస్లిం ఇళ్లలో పిల్లలు ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, పుస్తకాల్లో ఇంగ్లిష్ మాట్లాడుతూ పెరుగుతారు. కొన్ని ఇళ్లలో తెలుగే ఇంటి భాష, మద్రసాలో అరబ్బీ అక్షరాలు వచ్చు. దీన్ని గొప్ప విషయంగా ఎవరూ చెప్పరు. డిజైన్ పనిలో మాత్రం ఇది అక్కరకొచ్చే జ్ఞానం.

తెలుగు అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. ఇంగ్లిష్ కోసం కొలిచిన బటన్‌లో తెలుగు పెడితే ఒత్తులు తెగిపోతాయి. ఇంగ్లిష్‌లో ఒక చిన్న మాట తెలుగులో రెండింతలు పొడవవుతుంది, బటన్ దాటి బయటికొస్తుంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు ఆగిపోయాయి. యాపిల్ కంపెనీ దానికోసం ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. ప్రపంచంలో పెద్ద కంపెనీ కూడా తెలుగును సరిగ్గా పరీక్షించలేకపోయింది.

ఉర్దూ ఇంకా భిన్నం. కుడినుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి స్క్రీన్ మొత్తం అద్దంలో చూసినట్టు తిరగాలి. వెనక్కి వెళ్లే బాణం దిశ మారాలి, అంకెలు మాత్రం ఎడమనుంచే చదవాలి. నస్తాలిక్ రాతలో మాట ఏటవాలుగా కిందికి దిగుతుంది, వరుసల మధ్య ఎక్కువ ఖాళీ కావాలి. చాలాకాలం ఫోన్లలో ఉర్దూ నస్ఖ్ అక్షరాల్లోనే కనిపించేది, పెద్దవాళ్లకు చదవడం ఇబ్బందిగా ఉండేది. గూగుల్ నోటో నస్తాలిక్ ఉర్దూ ఫాంటు వచ్చింది 2014లో. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేసింది. చట్టంలో ఉన్న భాష ఫోన్ స్క్రీన్ మీద సరిగ్గా కనిపించాలంటే ఆ భాష చదవగలిగిన డిజైనర్లు కావాలి. గల్ఫ్ కంపెనీల యాప్‌లకు అరబ్బీ, ఇంగ్లిష్ రెండూ ఉండాల్సిందే కాబట్టి, కుడినుంచి ఎడమకు నడిచే డిజైన్ తెలిసినవాళ్లకు అక్కడ కూడా పని ఉంటుంది.

బీకాం చదివినవాళ్లు కూడా తక్కువ అనుకోవద్దు. జీఎస్టీ బిల్లు, ట్యాలీ, లెడ్జర్, చిట్టీ లెక్క తెలిసినవాడు వ్యాపార యాప్‌లో ఏ గడి ఎందుకు ఉందో అర్థం చేసుకుంటాడు. బొమ్మలు మాత్రమే తెలిసినవాడికి అది రాదు. ఏదో ఒక రంగం లోతుగా తెలిసిన డిజైనర్‌కు విలువ ఎక్కువ.

ఏ దారిలో వెళ్లాలి?

ఇంటర్ చదువుతున్నవాళ్లకు మంచి దారి డిజైన్ డిగ్రీ. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్షకు సైన్స్, కామర్స్, ఆర్ట్స్ ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు. ఈ ర్యాంకుతో ఐఐటీ బాంబే, గువాహటి, ఢిల్లీ, హైదరాబాద్ వంటి చోట్ల బీడెస్ సీట్లు ఇస్తారు. ఎంపీసీ చదివితేనే ఐఐటీ అనుకునే ఇళ్లలో ఈ సంగతి చాలామందికి తెలియదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ సంస్థలకు వేరే ప్రవేశ పరీక్ష ఉంది. ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీ గుంటూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీ ప్రాంగణంలో మొదలైంది, అక్కడ కమ్యూనికేషన్ డిజైన్ కోర్సు ఉంది. ఈ పరీక్షల్లో బొమ్మలు వేయడంతోపాటు గమనించే తెలివిని పరీక్షిస్తారు. దరఖాస్తులు ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనే మొదలవుతాయి కాబట్టి ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాం అనుకుంటే ఏడాది పోతుంది.

మూడేళ్ల డిగ్రీ పూర్తయినవాళ్లకు సీడ్ పరీక్ష ఉంది. బీకాం, బీఏ, బీఎస్సీ, బీటెక్ ఎవరైనా ఈ పరీక్ష రాయొచ్చు, ఎండెస్‌లో చేరడానికి అర్హత మాత్రం సంస్థను బట్టి మారుతుంది. ఐఐటీ బాంబేలోని డిజైన్ విభాగం 1969లో మొదలైంది, అక్కడ ఇంటరాక్షన్ డిజైన్ అనే ప్రత్యేక శాఖే ఉంది.

రెండేళ్లు చదివించే స్తోమత లేని ఇళ్లకు మూడో దారి: ఏదైనా ఉద్యోగంలో చేరి, పక్కన నేర్చుకోవడం. కస్టమర్ సపోర్ట్, టెస్టింగ్, కంటెంట్ రాయడం, గ్రాఫిక్ డిజైన్, చిన్న కంపెనీలో అకౌంట్స్ ఇలా ఎక్కడ చేరినా వాడేవాళ్ల ఫిర్యాదులు దగ్గరనుంచి వినొచ్చు. చాలామంది డిజైనర్లు ఇలాగే లోపలికి వచ్చారు. ఎన్‌పీటీఎల్‌లో డిజైన్ పాఠాలు ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాయాలంటేనే ఫీజు. ఫిగ్మాకు ఉచిత ప్లాన్ ఉంది. గూగుల్ యూఎక్స్ సర్టిఫికెట్ కోర్సు కోర్సెరాలో ఉంది, డబ్బు కట్టలేనివాళ్లు ఆర్థిక సాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు. సర్టిఫికెట్ ఒక్కదాన్ని చూసి ఉద్యోగం ఎవరూ ఇవ్వరన్నది మాత్రం మరిచిపోవద్దు.

ఆడపిల్లలున్న ఇళ్లలో ఇంటినుంచే పని ఉంటుందా అని అడుగుతారు. ఉంటుంది, కానీ అనుభవం వచ్చాక ఎక్కువ. మొదటి ఒకటి రెండేళ్లు ఆఫీసులో నలుగురి మధ్య ఉంటేనే ఈ పని వంటబడుతుంది. హైదరాబాద్‌లో దగ్గరి బంధువులో, నమ్మకమైన హాస్టలో ముందే చూసుకుంటే ఆ రెండేళ్లు గడుస్తాయి. మొదటిరోజునుంచే ఇంట్లో కూర్చుని పెద్ద జీతం అనే ప్రకటనను నమ్మకపోవడం మంచిది.

ఫీజు కట్టేముందు అడగాల్సినవి

ఉద్యోగం గ్యారంటీ అంటే ఆ మాట కాగితం మీద రాసి ఇస్తారా? ఇవ్వకపోతే ఫీజు వాపసు ఎప్పుడు, ఎలా? పాఠం చెప్పేవాళ్లు కంపెనీలో డిజైనర్‌గా పనిచేశారా? వాళ్ల పని ఆన్‌లైన్‌లో చూపించగలరా? గత ఏడాది చేరినవాళ్లలో ఇద్దరు ముగ్గురితో ఫోన్‌లో మాట్లాడనిస్తారా? కోర్సులో నిజమైన మనుషులతో పరీక్షలు చేయిస్తారా, లేక వీడియో చూసి స్క్రీన్లు గీయించడమేనా? ఫీజు కోసం లోన్ ఇప్పిస్తామంటే ఆ లోన్ ఎవరి పేరు మీద, వడ్డీ ఎంత, మధ్యలో మానేస్తే ఎవరు కట్టాలి?

దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెట్టిస్తామని చెప్పేచోటు నుంచి వెంటనే లేచి వచ్చేయాలి. బ్యాక్‌గ్రౌండ్ చెకింగ్‌లో పట్టుబడితే వచ్చిన ఉద్యోగం పోతుంది, పేరు కూడా పోతుంది.

చూపించడానికి ఏం చేయాలి?

డిజైనర్ ఉద్యోగానికి మార్కుల కన్నా ముందు పోర్ట్‌ఫోలియో అడుగుతారు. చేసిన పనుల వివరం అన్నమాట. అందరూ ఫుడ్ డెలివరీ యాప్‌ను మళ్లీ గీసి పెడుతుంటారు, చూసేవాళ్లకు విసుగు. మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఉన్న నిజమైన ఇబ్బంది తీసుకుంటే అదే వేరుగా నిలబడుతుంది. బస్టాండులో శ్రీశైలం బస్సు ఎప్పుడో పల్లెనుంచి వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తోంది? మన మిత్రలో ఒక సర్టిఫికెట్ కోసం పెద్దవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారు? బట్టల కొట్టులో అరువు లెక్క ఫోన్‌లో రాసుకోవడానికి యజమాని ఎందుకు ఇష్టపడటం లేదు?

దీనికి ఖర్చు లేదు. చిన్న పరీక్షకు ఐదుగురు చాలని నీల్సన్ 2000లోనే రాశారు, ఎందుకంటే పెద్ద లోపాలు చాలావరకు ఆ ఐదుగురి దగ్గరే బయటపడతాయి. ఇంట్లో అమ్మీ, పక్కింటి ఆంటీ, టైలర్ భాయ్, ఒక రైతు, ఒక కాలేజీ అమ్మాయి. అనుమతి అడిగి, వాళ్ల ఆధార్, ఫోన్ నంబర్లు ఎక్కడా రాయకుండా, ఎక్కడ ఆగారో మాత్రం రాసుకోవాలి. ముందు ఎలా ఉంది, ఏం మార్చారు, మార్చాక ఐదుగురిలో ఎంతమంది సొంతంగా పూర్తిచేశారు. ఈ మూడూ నిజాయితీగా రాసిన మూడు పనులు చాలు. ఫలించని ప్రయత్నం ఉంటే అదీ రాయాలి, ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడేది దాని గురించే.

ఏ పనికి సరే, ఏ పనికి వద్దు?

డిజైన్‌తో మేలు చేయొచ్చు, మోసమూ చేయొచ్చు. బుట్టలో అడగని వస్తువు చేర్చడం, చివరి మెట్టులో అదనపు చార్జీ బయటపెట్టడం, చేరడం తేలికగా, మానేయడం కష్టంగా పెట్టడం. వీటిని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న ఇలాంటి 13 రకాలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఇలాంటి యాప్‌ల వెనక కూడా డిజైనర్లే ఉన్నారు, ఎక్కడ బటన్ పెడితే మనిషి ఇంకో వంద రూపాయలు పెడతాడో లెక్కలు వేసినవాళ్లే. తూకంలో మోసం చేయకూడదని చిన్నప్పటినుంచి విన్న పిల్లలకు ఇది కొత్త తరహా తూకం. ఏ కంపెనీలో చేరుతున్నామో, ఆ కంపెనీ సంపాదన దేనిమీదో ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే తెలుసుకోవాలి.

ఇంట్లో వాళ్లు ఏం చూడాలి?

పిల్లవాడో అమ్మాయో ఈ దారి పడతామంటే వద్దనక్కర్లేదు, వెంటనే లక్ష తీసి ఇవ్వక్కర్లేదు. ముందు ఆరు నెలలు ఉచితంగా దొరికేవాటితో నేర్చుకోమనండి. డిగ్రీ మాత్రం మధ్యలో వదలనివ్వొద్దు. ఆరు నెలల తర్వాత ఒక్కటే చూడండి: ఎంతమందితో కూర్చుని మాట్లాడారు, వాళ్ల దగ్గర ఏం తెలుసుకున్నారు, దానివల్ల ఏం మార్చారు. అందమైన స్క్రీన్లు మాత్రమే చూపిస్తే ఇంకా నేర్చుకోవాల్సింది ఉంది. ఫలానా పెద్దాయన ఈ మాట దగ్గర ఆగిపోయారు, ఈ మాట మార్చాక సొంతంగా నింపేశారు అని చెప్పగలిగితే, ఆ పిల్లల మీద డబ్బు పెట్టినా వృథా కాదు.